కొత్త బండి వెనక సీటు

ఒరే బక్కోడా,

రెండేళ్ల తరువాత నా రాత చూసి చింపేయకు, చివరిదాకా చదువు.

నిన్న కొత్త మోటార్‌సైకిల్ తెచ్చుకున్నాను. షోరూమ్ అమ్మాయి తాళం చేతిలో పెట్టి, ఫోటో తీసి, "మొదట్లో నెమ్మదిగా నడపండి సార్" అంది. క్లచ్ మెత్తగా ఉంది, ఇంజను చప్పుడే లేదు. మొదటి మలుపు దగ్గర అలవాటుగా "గట్టిగా పట్టుకోరా" అన్నాను. వెనక ఎవరూ లేరు. బండి పక్కకు ఆపి దిగిపోయాను.

రెండేళ్ల కిందట ఆ రోజు నా పాత బండి వెనక కూర్చుని నువ్వు "మెల్లగా పోనివ్వరా, భయమేస్తోంది" అని రెండుసార్లు అన్నావు. నేను నవ్వి ఇంకాస్త వేగం పెంచాను. నీ కాలు తీసేశాక, కుక్క అడ్డం వచ్చిందని మీ అమ్మకు చెప్పాను. కుక్కా లేదు, పాడూ లేదు. నువ్వు ఆసుపత్రి మంచం మీద నుంచి నా మొహం చూసి, "అవునమ్మా, కుక్కే" అన్నావు. ఆ మాట విన్నాక మీ గుమ్మం తొక్కే ధైర్యం లేకపోయింది.

ఆదివారం బస్సులో వస్తాను. మీ అమ్మకు జరిగింది జరిగినట్టు నేనే చెబుతాను. ఆవిడ ఎన్ని మాటలన్నా పడతాను. ఈసారి మాత్రం నువ్వు నన్ను వెనకేసుకు రావద్దు.

నీ తోడుగా ఉండాల్సినవాణ్ణి