తాప్రాండిచ్ అత్తయ్య టీలో ఉప్పు

మార్చి 3, సోమవారం

కెరిచో టౌన్లో క్లినిక్‌కి వెళ్లొచ్చాం. నెలాఖరుకి షుగర్ దిగకపోతే అత్తయ్య కాలి బొటనవేలు తీసేయాల్సి వస్తుందని నర్సు చెప్పింది. దారిలో అత్తయ్య నాతో, వేలు పట్టుకుపొమ్మను, నా టీ జోలికి మాత్రం రావద్దను అంది. ముప్పై ఒక్క ఏళ్లు తోటల్లో టీ ఆకు కోసిన మనిషి. కప్పుకి నాలుగు చెంచాల పంచదార, రోజుకి ఆరు కప్పులు.

మార్చి 4

పంచదార డబ్బా మొక్కజొన్న పిండి బస్తాలో దాచాను. చేదు కషాయమని అత్తయ్య టీ తాగలేదు. మొక్కజొన్న పిండితో చేసిన ఉగాలీ ముద్ద కూడా ముట్టలేదు.

మార్చి 5, ఉదయం 6

చిటికెడు ఉప్పు వేస్తే టీలో చేదు విరుగుతుందని మా స్కూల్లో పనిచేసే రోజ్‌లిన్ చెప్పింది. సైన్సు టీచర్ని కదా, ఊరికే నమ్మను. మూడు కప్పులు పెట్టాను. ఒకదాంట్లో చిటికెడు, ఒకదాంట్లో అందులో సగం, ఒకదాంట్లో ఏమీ లేదు. గుర్తుకి పిడులకి దారాలు కట్టాను. అత్తయ్యకి చెప్పలేదు. మొదటిది చప్పరించి, ఇది ఆవులకి పొయ్యవే అంది. రెండోది దూడకి అంది. మూడోది ఎవరికీ వద్దంది. ఏ కప్పులో ఉప్పు ఎంతుందో వరసగా పట్టేసింది, బడి మొహం చూడని ఆ నాలుకకి దండం పెట్టాలనిపించింది.

మార్చి 8

ఈసారి లెక్కపెట్టి ఏడే ఉప్పు గింజలు వేశాను. కప్పు ఖాళీ చేసింది. ఏమీ అనలేదు. ఈ ఇంట్లో ఏమీ అనకపోవడమే మెచ్చుకోలు.

మార్చి 15

వారం రోజులుగా పోట్లాట లేదు. తిండి తింటోంది. రోజ్‌లిన్ దగ్గర గొప్పలు చెప్పుకున్నాను.

మార్చి 16, ఆదివారం

చర్చి ఆడవాళ్లు ఆరుగురు వచ్చారు. అతిథికి పంచదార తగ్గించి టీ ఇస్తే ఊరు ఏడాది చెప్పుకుంటుంది. వాళ్లకి పాకంలా కలిపాను. అత్తయ్య కప్పు వేరే. పక్కింటి తబుటానీ ఊరుకుంటుందా. ఏం వదినా, కోడలు నీకు పంచదార కూడా దాచేస్తోందా అంది. అత్తయ్య కప్పు తాగేసి, ఇంకోటి అడిగి అదీ తాగి, నా కోడలి చేతి టీకి పంచదారతో పనేంటే, నోరు చేదైన నీకు కావాలి గానీ అంది. అందరూ నవ్వారు. నా కడుపు నిండిపోయింది.

వాళ్లు వెళ్లాక చూసుకున్నాను. కంగారులో ఉప్పు అనుకుని, ఆకుకూర మెత్తబడడానికి వేసే చౌడుప్పు డబ్బా తీశాను. పెద్ద చిటికెళ్లే పడ్డట్టున్నాయి. కప్పు అడుగున మిగిలింది నాలుక మీద వేసుకుంటే సబ్బు నీళ్లు. అలాంటివి రెండు కప్పులు తాగింది. మొహం కూడా చిట్లించలేదు.

మార్చి 17

అడిగేశాను. వాళ్ల ముందు నీ టీ ఉమ్మేస్తానా, పిచ్చిదానా అంది. మరి రోజూ వేసే ఉప్పు పనిచేసిందా అన్నాను. ఏం పనిచేస్తుంది, చేదు చేదే అంది. పొద్దున్నే లేచి కళ్లజోడు పెట్టుకుని గింజలు లెక్కపెడుతున్నావు, తాగనని ఏ నోటితో చెప్పను అంది. ఏడ్చేశాను. పదకొండేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఎంత గొప్ప మనిషో నాకిప్పుడు తెలిసింది.

మార్చి 31

మళ్లీ క్లినిక్‌కి వెళ్లాం. షుగర్ దిగింది, వేలు ఉంటుంది. ఏం చేశారని నర్సు అడిగింది. ఉప్పు, అంది అత్తయ్య.