నాంపల్లి క్యాంటీన్‌కు ఆరో స్థానం

అబిడ్స్,
ఆదివారం.

ప్రియమైన బిడ్డ ఇవాంజెలిన్‌కు,

అమ్మ దీవెనలు. ప్రభువు దయవల్ల నేనూ మీ నాన్నా బాగున్నాం. ఆ ఢిల్లీ చలిలో నువ్వు కూడా క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. నా మోకాలి నొప్పి తగ్గింది, మెట్లు ఎక్కుతున్నాను. నాన్న షుగర్ మాత్రలు మానలేదు. కానీ మొజంజాహీ మార్కెట్ వైపు ఒంటరిగా వెళ్తే మాత్రం ఐస్‌క్రీమ్ తినకుండా రారు. అడిగితే "జర నోరు తీపి చేసుకున్న, గంతే" అంటారు. నువ్వు పంపిన స్వెట్టర్ ఇక్కడి చలికి ఎక్కువే. అయినా చర్చికి వేసుకెళ్లి అందరికీ చూపించి వచ్చారు.

ఒక మంచి వార్త ఉంది. బుధవారం నాంపల్లిలో పెద్ద అధికారుల మీటింగ్‌కు నన్ను పిలిచారు. అది రాసేముందు నీ ఆఖరి ప్రశ్నకు జవాబు చెప్పాలి. "అన్ని క్యాంటీన్లకూ ఎనిమిది వారాల వివరాలుంటే, నీ క్యాంటీన్‌కు ఐదు వారాలే ఎందుకున్నాయమ్మా?" అని అడిగావు. ఫోనులో రెండుసార్లు చెప్పబోయాను. రెండుసార్లూ మాట మార్చేశాను. నీకు తెలిసిన సంగతులే అయినా మొదటినుంచి రాస్తాను. మధ్యలోంచి చెప్పడం నాకు చేతకాదు.

మీ హైదరాబాద్ ఆఫీసు మనిషి మహీధర్ మా నాంపల్లి సర్కారు ఆఫీసు క్యాంటీన్‌కు వచ్చి అంతా వివరంగా చెప్పాడు. మంగళ, గురు, శనివారాల్లో మాంసం బదులు మీల్‌మేకర్, శనగలు, పనసకాయలతో కూర చెయ్యాలి. తిన్నవాళ్లు చీటీ మీద మార్కులు వేస్తారు. పళ్లేల్లో మిగిలింది బకెట్‌లో పోసి తూకం వేస్తారు. పన్నెండు క్యాంటీన్లలో ఫలితం బాగుంటే, సర్కారు హాస్టళ్లలో ఇలాంటి భోజనం పెట్టమని మీ సంస్థ సిఫారసు చేస్తుంది. పప్పులకు నీళ్లు తక్కువ పడతాయనీ, మాంసం తగ్గితే భూమికీ ఒంటికీ మేలనీ అతను చెప్పింది సగమే అర్థమైంది. ఆ కాగితం మీద నీ పేరుండటం మాత్రం పూర్తిగా అర్థమైంది.

పద్దెనిమిదేళ్లుగా మా క్యాంటీన్‌లో నా మటన్ ఖీమాకు పేరు. మొదటి మంగళవారం మీల్‌మేకర్ ఖీమా చేసి నోట్లో వేసుకున్నాను. మసాలా ఉంది, కారం ఉంది, లోపల ఏమీ లేదు. ఇది వడ్డిస్తే నా బిడ్డ నాలుగేళ్ల కష్టమంతా ఆ బకెట్‌లోకి పోతుందని భయమేసింది.

ఇవాంజెలిన్, నేను మేక బొక్కలు కొని తెచ్చి, ఉడకబెట్టి, ఆ రసం పోసి వండాను. ఒక్క రోజు కాదు, మూడు వారాలు. పళ్లేలు నాకినట్టు తిరిగొచ్చాయి. పూర్తి శాకాహారులు ఆ కూర అడిగితే "ఆ మసాలా మీకు పడది సార్" అని పప్పు వైపు పంపేదాన్ని. అంటే చేస్తున్నది తప్పని నాకు తెలుసు.

మూడో శనివారం మా అటెండర్ ఎల్లేష్ భోంచేసి, చెయ్యి కడుక్కుని వంటగది గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"అక్కా, మా ఇంటామె దవాఖానల ఉన్నప్పుడు శనివారం నీసు ముట్టనని మొక్కుకున్న. అప్పటి సంది శనివారమంటె పచ్చిపులుసే. గీ మూడు వారాలు నీ కూరతోని కడుపునిండ తిన్న. నీ కడుపు సల్లగుండ."

నా చేతిలో గరిటె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. పప్పు తినేవాళ్ల గురించి ఆలోచించాను గాని, వారం పాటించేవాళ్ల సంగతి నాకు తట్టనే లేదు.

అదే మధ్యాహ్నం మహీధర్ తూకం వేస్తూ నవ్వుతూ అన్నాడు. "ఇవాంజెలిన్ మేడం మీ బిడ్డనేనట గదమ్మా. క్యాంటీన్ల కోసం చీటీలు తీస్తె మీది వచ్చిన రోజే పెద్దసారుకు చెప్పిన్రట. గాడ మా అమ్మ వండుతది, ఆ వివరాలు ఆఖరి దాక నాకు చూపియ్యొద్దు అని."

నువ్వు అంత నిక్కచ్చిగా ఉన్నావు. నీకోసమని నేను చేసింది నీకే మచ్చ తెచ్చేలా ఉంది. అక్కడే, ఆ తూకం ముందే, అంతా చెప్పేశాను. మహీధర్ స్టూలు మీద కూలబడ్డాడు.

"ఎంత పని చేసిన్రమ్మా. మూడు వారాలు కొట్టెయ్యాలె. మిమ్మల్ని వంటలకెళ్లి తీసెయ్యమన్నా అంటరు."

"తీసేస్తె తియ్యున్రి. సోమవారం తిన్నోళ్లందరికి నేనే చెప్త. మా బిడ్డకు గూడ నేనే చెప్త, నువ్వు చెప్పకు."

అతను మాట నిలబెట్టుకున్నాడు. నేనే నీ దగ్గర ఇన్ని వారాలు దాచాను. ఇంటికొచ్చి నాన్నకు చెబితే ఆయన "బిడ్డకు ఎప్పుడు చెప్తవ్?" అని ఒక్కటే అడిగారు. అప్పటినుంచి ప్రతి ఆదివారం అదే ప్రశ్న.

సోమవారం భోజనాల వేళ హాలు మధ్యలో నిలబడి చెప్పాను. కొందరు నవ్వారు. సూపరింటెండెంట్ విశ్వనాథ్ గారు లేచి, "రేపు ఇంకేం కలుపుతవో ఎట్ల నమ్మాలె?" అన్నారు. ఎల్లేష్ సగం తిన్న పళ్లెం అక్కడే వదిలి బయటికి వెళ్లిపోయాడు. అది నాకు తిట్లకంటే ఎక్కువ తగిలింది.

మీ వాళ్లు నన్ను తీసెయ్యలేదు. ఆ కూర వండే రోజుల్లో ఎవరైనా పక్కనుండి చూడాలన్నారు. విశ్వనాథ్ గారే వంటగదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నాలుగో వారం బకెట్ నిండింది. చీటీల మీద రాసినవి నీకు రాయలేను.

అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. మెదక్‌లో ఈస్టర్ ముందు లెంట్ నలభై రోజులూ మా ఇంట్లో మాంసం ఉండేది కాదు. అమ్మ ఉలవలు గంటలకొద్దీ ఉడికించి, ఆ కట్టు వంచి, చిక్కగా మరిగించి కూరల్లో పోసేది. మేము మాంసం మాటే ఎత్తేవాళ్లం కాదు. బేగం బజార్ వెళ్లి ఉలవలు తెచ్చాను. ఉల్లిపాయ నల్లబడేదాకా వేయించి, నువ్వుల ముద్ద కలిపి, ఉలవకట్టు పోసి మీల్‌మేకర్ ఉడికించాను. వాసనకు విశ్వనాథ్ గారు కుర్చీలోంచి లేచి వచ్చి గరిటెతో గిన్నె అడుగు దాకా కలిపారు.

"ఏం దేవులాడుతున్రు సార్?"

"బొక్క."

దొరకలేదు. ఆ రోజు ఆయన రెండుసార్లు వడ్డించుకున్నారు.

ఆ తర్వాత రెండు శనివారాలకు ఎల్లేష్ వచ్చాడు. పళ్లెం పట్టుకుని నా ముందు నిలబడి, "నువ్వు చెప్పకుంటె నాకు ఎన్నడు ఎర్కయ్యేదే గాదు అక్కా" అన్నాడు.

"ఔ తమ్మీ. అందుకనే చెప్పిన."

పళ్లెం ముందుకు చాపాడు. "ఇది నిమ్మలంగ తినొచ్చా?" అన్నాడు. తినొచ్చన్నాను. తిని వెళ్లేటప్పుడు ఇంటామెకు కూడా డబ్బాలో కట్టించుకున్నాడు. ఆ రోజు నేను పడిన సంతోషం నువ్వు పదో తరగతి ఫస్టుక్లాసులో పాసైన రోజు పడిన దానికి తక్కువ కాదు.

ఐదు వారాల లెక్కతో పన్నెండింటిలో మా క్యాంటీన్ ఆరోది. బొక్కల రసంతో మొదటిదయ్యేది. నాకు ఈ ఆరే ముద్దు.

ఇక బుధవారం మీటింగ్. శశికళ గారని ఒక అధికారి హాస్టళ్ల భోజనం సంగతి చూస్తున్నారు. మీ రిపోర్ట్ చేతిలో పట్టుకుని నా వైపు తిరిగి, మూడు వారాలు ఎందుకు లేవని అడిగారు. లేచి నిలబడి చెప్పాను. "పరీక్ష పెట్టింది నా బిడ్డ మేడం. మొదట చూసి రాసిన. ఎవలు పట్టుకోకముందే ఒప్పుకొని మళ్ల సొంతంగ రాసిన." వెనక ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. "ఈ సంగతి రిపోర్ట్‌లో ఉండాలి. అప్పుడే మిగతా లెక్కలు నమ్ముతాం" అన్నారు. జూన్ నుంచి కొన్ని హాస్టళ్లలో వారానికి రెండు రోజులు ఈ భోజనం మొదలుపెడతారట. నలభైమంది వంటవాళ్లకు ఉలవకట్టు నేర్పే పని నాకిచ్చారు.

ఈ ఉత్తరం మీ పెద్దసారుకు చూపించాలంటే చూపించు. కోపం వస్తే రెండు రోజులు ఫోను చెయ్యకు. మూడో రోజు చెయ్యి.

ఒక్క మాట మిగిలింది. ఆ మీటింగ్‌లో నన్ను ఇవాంజెలిన్ గారి అమ్మ అని పిలుస్తారనుకుని కొత్త చీర కట్టుకుని వెళ్లాను. "ఉలవకట్టు జయమణి గారు రండి" అని పిలిచారు. ఆ పేరు నేను సంపాదించుకున్నది. మొదటి పేరు నువ్విచ్చింది. నాకు రెండూ కావాలి బిడ్డా.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
మీ అమ్మ,
జయమణి