ఏడో గడి

నా చంకలో పెరిగిన చిన్నోడికి,

నువ్వు దొంగవి. ఇంతకంటే మెత్తటి మాట దొరకలేదు, వెతకనూ లేదు.

"రంగు తుడుచుకోవడానికి పాత గుడ్డలేమైనా ఉన్నాయా అక్కా?" అని నువ్వడిగితే అటక మీది కట్ట విప్పి చూడకుండానే దించి ఇచ్చింది నేనే. అది నాన్న వేసిన ఆఖరి సినిమా బ్యానర్. కథానాయిక ముఖం, ఇంటి గోడంత. పదహారు గళ్ళు, పదహారు గుడ్డలు. వెనక నంబర్లు రాసి, థియేటర్ దగ్గర కలిపి కుట్టడం ఆయన పద్ధతి. విడిగా చూస్తే ఒక్కో గడీ ఉత్త రంగుల గందరగోళం. నీకు కావలసిందీ అదే! చట్రాలు బిగించి, మూలన సంతకం గీకి, 'సినిమా బొమ్మల ప్రేరణతో నైరూప్య చిత్రాలు' అన్నావు. శ్రమజీవుల కళ గురించి ముప్పై ఏళ్ళుగా పత్రికల్లో గొంతు చించుకుంటున్న నేను, ఫోటోల్లో వాటిని పోల్చుకోలేక, మురిసిపోయి ముందుమాట రాశాను. ఆ సిగ్గు నాది, నేను పడతాను.

ప్రదర్శన మొదటి రోజు నాన్నను తీసుకొచ్చాను. 'ఎర్ర నగరం' ముందు ఆగి, మెడ వంచి చూసి, "ఇది కింది పెదవి కదమ్మా, తలకిందులుగా పెట్టారు" అని నవ్వాడు. ఆయనకు కోపం రాలేదు. నా కడుపు మండుతున్నది అందుకే. తర్వాత జనం మూగిన తెల్ల చిత్రం దగ్గరికి వెళ్ళాడు. 'మహాశూన్యం' అట. ఒక విమర్శకుడు దాని ముందు కళ్ళు తుడుచుకుంటున్నాడు. నాన్న గట్టిగానే చెప్పాడు:

"ఇది నేనింకా వెయ్యలేదండీ. ఏడో గడి, కుడి కన్ను. ఆ పూటే నిచ్చెన మీంచి పడ్డాను, ఈ చెయ్యి పోయింది."

ఘొల్లున నవ్వారు. నువ్వూ నవ్వావు. "ఎవరో పెద్దాయన, కాస్త బయట కూర్చోబెట్టు" అన్నావు కాపలావాడితో. నాన్న నీ ముఖంలోకి చూసి, "వెళ్ళొస్తానండీ" అన్నాడు. కన్నకొడుకుని అండీ అన్నాడురా! లోకమంతటితో వాదించే నేను ఆయన చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాను. అందుకే ఈ ఉత్తరం.

నాకు కావలసినవి ఇవి:

నా ముందుమాట చింపెయ్.

నీ సంతకాలు చెరిపెయ్, నీ చేత్తోనే.

తెల్లది కాక మిగిలిన పదిహేనూ నంబర్ల ప్రకారం ఒకే గోడకు పెట్టు. కింద నాన్న పేరు రాయి.

ఆ కాపలావాడితో "ఆయన మా నాన్న" అని చెప్పు.

ఏడో గడి ఇంటికి పంపు. నువ్వు తేవద్దు. నాన్న ఎడమ చేత్తో కన్ను గీయడం నేర్చుకుంటున్నాడు.

ఇంకా తెంచుకోలేని,
అక్క