ఉప్పు ఎక్కువైన సీసా

మంగళవారం, నాచారం

రమేశ్ అన్న పేరు తలుచుకుంటేనే ఒళ్ళు మండుతోంది. ఎలుక కాలేయంలో ఒక జన్యువును పని చేయించే మా ప్రోటీన్‌కు ఒక తోడు ప్రోటీన్ ఉందని, రెండూ కలిస్తేనే ఆ పని జరుగుతుందని ఏడాదిగా మొత్తుకుంటున్నాను. ఈ రోజు ల్యాబ్ మీటింగులో ఆ సీనియర్ మహానుభావుడు నవ్వాడు. "తోడు లేదు, గీడు లేదు సార్. నేను సుత జేసి సూసిన. మన ప్రోటీన్ ఒక్కటే వచ్చింది." మా గైడ్ సార్ నా ప్రయోగం ఆపేయమన్నారు.

సాయంత్రం అన్న ప్రోటీన్ కడగడానికి వాడిన బఫర్ ద్రావణం సీసా దొరికింది. లేబుల్ మీద తన చేతిరాతే. ఉప్పు నేను వేసేదానికి మూడింతలు. ప్రోటీన్‌ను ల్యాబ్‌లో వాడే సన్నటి పూసలకు పట్టించి అంత ఉప్పునీళ్ళతో కడిగితే, దాన్ని అంటుకున్న తోడు ఊడిపోయి సింకులోకి పోదా? ఆ మాటే అన్నను అడిగాను.

"ఉప్పెక్కువుంటేనే సాఫ్‌గ వస్తది చెల్లె. జర ఫికర్ తగ్గించుకో."

సాఫ్‌గానే వచ్చింది. తోడును కడిగి పారబోసి, తోడే లేదన్నాడు. పరిశోధన పేపర్ కూడా అలాగే రాసుకుంటున్నాడు.

తెలియక చేశాడేమో అనుకుంటూ ఉప్పల్‌లో బస్సెక్కాను. సీటు దొరికి కూర్చున్నాక గుర్తొచ్చింది. నేను ల్యాబ్‌లో చేరిన మొదటి వారం, ఉప్పు ఎక్కువైతే తోడు ప్రోటీన్లు రాలిపోతాయని నాకు నేర్పింది ఈ అన్నే.