ఎడమ పెడల్ మరలు

బహదూర్‌పురా, హైదరాబాద్
14-11-2004

అక్కా, మన స్వీటీ కొలత నిజమని తేలింది! సంతోషంలో ముందు అదే రాసేశాను, వందనం వెనకబడింది. కాశమ్మ అక్కకు తమ్ముడు బాబురావు ప్రభువు నామమున చేయు వందనాలు. ఇక్కడ అందరం క్షేమం. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందని తలుస్తాను.

మూడేళ్లుగా నీ మేనకోడలు ల్యాబులో ఏం చేస్తోందో నాకు తెలిసినంత చెబుతాను. ఎలక్ట్రాన్లు బొంగరాల్లా కొన్ని కుడికి, కొన్ని ఎడమకు తిరుగుతాయట. ఒకే వైపు తిరిగేవాటిని ఏరి, కుడికి మెలి తిరిగిన అణువుల పొర మీదికి పంపుతుంది. మెలికకు కలిసొచ్చేవి ఎక్కువ దాటుతాయి, రెండోవి తక్కువ. మన సైకిల్ దుకాణంలో నట్టు, బోల్టుల మరల లెక్కే కదా అన్నాను. నవ్వింది. “నట్టయితే ఎక్కుతది, లేకుంటే ఎక్కదు బాపు. గీడ రెండూ దాటుతయి, ఒకటి జర ఎక్కువ, గంతే” అన్నది.

ఆ జర తేడానే వాళ్ల సారు నమ్మలేదు. యంత్రంలోనే వంకర ఉందేమో అన్నారు. డిసెంబరులోగా తేలకపోతే చదువు వదిలి రావడమే. పిల్ల అన్నం సరిగా తినడం మానేసింది.

దసరా ముందు ఒక సాయంత్రం దుకాణంలో నా పక్కన కూర్చుంది. నేను ఎడమ పెడల్ విప్పుతున్నాను. దాని మరలు ఉల్టా ఉంటాయి. మర మీద అనుమానం వస్తే నేను రెండో వైపు పెడల్ పెట్టి చూస్తాను. ఎక్కకపోతే మర మంచిదే. అదీ ఎక్కిందంటే అరిగిపోయినట్టే. మీకు ఎడమ మెలిక అణువులు లేవా అని అడిగాను.

“ఉన్నయి. సారు గూడ గదే చూడుమంటున్నడు. తేడా తిరగబడకుంటే మూడేండ్లు మట్టే, గందుకే భయం.”

“అరిగిన మర మీద ఎన్ని దినాలు తొక్కుతవు బిడ్డా?” అన్నాను.

మరునాడే మొదలుపెట్టింది. తేడా అంతే వచ్చింది, కానీ ఉల్టా. నాలుగు పొరలు మార్చినా అదే. యంత్రం వంకరైతే అలా తిరగబడదట. నిన్న సారు ఒప్పుకుని, పరిశోధన పేపర్ రాయమన్నారు.

నీ తమ్ముడు,
బాబురావు

తా.క. ఈస్టర్‌కే గెలిచిందని చెప్పావు కదా అంటావు. అది అబద్ధం అక్కా. అప్పటికి ఒక మెలికే చూసింది, సారు కాదన్నారు. ఆడపిల్లను ఇంకెన్నాళ్లు చదివిస్తావని అందరూ అడుగుతుంటే, మీ చర్చిలో లేచి సాక్ష్యం చెప్పేశాను. స్వీటీ పక్కనే తల వంచుకుంది. రెండో కొలతకు ఆరు నెలలు భయపడింది తన చదువు కోసం కాదట, నా సాక్ష్యం కోసమట. నిన్ననే చెప్పింది. అప్పుడు అబద్ధమనీ, ఇప్పుడు నిజమనీ రెండూ చెప్పు: రాజమణి వదినకు, కొండల్ బావకు, బాలమ్మ చిన్నమ్మకు, ఎల్లేష్‌కు, వాళ్ల అత్తగారు సుశీలమ్మకు, ఆ రోజు అందరికంటే గట్టిగా ఆమెన్ అన్న శివయ్య మామకు.