కెంపి కుడి కొమ్ము

ఆదోని పశువుల డాక్టరు నందినమ్మకు, హాలహర్వి పక్కపల్లె నుంచి హులిగెమ్మ దండాలు పెట్టి రాసేది.

నిన్న మా కెంపికి యెనకనుంచి భుజం దాకా సెయ్యి పెట్టి సూస్తివి. అంతలో యాడో బర్రె ఈనలేకుండాదని ఫోనొస్తే, సంగతి సెప్పకుండానే బండెక్కితివి. ఆవుకు సూది వేయించి రెండు నెలలాయె. కడుపు కట్టిందా, లేదా? గొడ్డుపోయిందని మా కొడుకు రామాంజి అంటాండాడు. ఆదివారం ఎమ్మిగనూరు సంతకు తోలుతాడంట. వట్టి ఆవును కొనేది కోతకే తల్లీ. నా చేతుల్లో పుట్టింది అది. నాకు భయమైతాంది.

ఇట్లు,
హులిగెమ్మ

తా.క.: ఫోన్ చేయొద్దు. ఇంట్లో ఉండేది ఒకటే ఫోను, అది వాని జేబులో ఉంటాది. పాల ఆటో మాదన్నతో చీటీ పంపు.

*

హులిగెమ్మవ్వకు నమస్కారాలు.

భయం వద్దు. ఈ విషయంలో నా చెయ్యి అబద్ధం చెప్పదు. ఆవు ఎదలో ఉన్నప్పుడు గర్భసంచి బిగుసుకుంటుంది, ఎద తగ్గాక మెత్తబడుతుంది. కట్టకపోతే ఇరవై ఒక్క రోజులకు మళ్లీ అదే వరస. కెంపికి ఆ వరస ఆగిపోయింది. కుడి కొమ్ము ఎడమదానికంటే బాగా లావైంది, లోపల నీరు నిండి ఉంది. కట్టింది, ఏ అనుమానమూ లేదు.

మీ
డాక్టర్ నందిని

తా.క.: ఇది మీ అబ్బాయికి చూపించండి. నోరు మూతపడుతుంది.

*

డాక్టరమ్మకు హులిగెమ్మ రాసేది. ఈసారి దండాలు లేవు.

సూపించినా. వాని నోరు మూతపడలేదు, నవ్వి నవ్వి మంచం మీదినుంచి కింద పడినాడు. మా కెంపికి కుడి కొమ్ము యాడుంది తల్లీ? ముందటేడు నీళ్ల తొట్టికాడ కొట్లాడి విరగ్గొట్టుకునింది. ఉండేది ఎడమదొక్కటే. ఎవరి ఆవును సూసి ఎవరికి రాసినావు? అయినా యెనకనుంచి సెయ్యి పెడితే కొమ్ము దాకా ఎట్ల పోయె?

కోపంతో,
హులిగెమ్మ

తా.క.: నీళ్లు నిండినాయంటివని ఉండే కొమ్మును పట్టుకొని ఊపి సూసినా. సప్పుడు లేదు. కెంపి మాత్రం నన్ను తన్నింది.

*

అవ్వకు, తప్పయిందని ఒప్పుకుంటూ.

నేను రాసింది తలమీది కొమ్ము గురించి కాదు. గర్భసంచికి లోపల రెండు కొమ్ములుంటాయి, పొట్టేలు కొమ్ముల్లా వంకర తిరిగి. మేము వాటినీ కొమ్ములనే అంటాం. దూడ కుడిదాంట్లో ఉంది, అందుకే అది ఉబ్బింది. నేను చూసింది మీ కెంపినే. ఆదివారం రాకముందే రామాంజికి ఇది చదివి వినిపించండి.

మీ
నందిని

తా.క.: దయచేసి ఏ కొమ్మునూ ఊపకండి.

*

బంగారు తల్లి నందినమ్మకు హులిగెమ్మ వెయ్యి దండాలు. పోయినసారి ఎగ్గొట్టినవి కూడా ఇందులోనే కలుపుకో.

నీ రెండో చీటీ శనివారం వచ్చె. రామాంజికి సూపించలేదు. కడుపుతో ఉండే ఆవంటే ఎగబడి కొంటారని వాడు ఇంకా తొందరగా తోలతాడు కదా! మొదటి చీటీ రైకలో పెట్టుకొని నేనూ సంతకు పోయినా. బేరానికొచ్చిన ప్రతి ఒక్కరి చేతిలో అదే పెట్టినా.

"డాక్టరమ్మ రాసిచ్చింది సామీ, సదువు."

వాళ్లు సదివేది, కుడి కొమ్ము కోసం ఎతికేది, "ఈ కాగితం యేరే ఆవుదప్పా! ఆవును యాడో ఎత్తుకొచ్చినారు" అని పోయేది. మధ్యాన్నానికల్లా మా పక్కకు ఒక్కరూ రాలేదు. రామాంజి తల వంచుకొని, కెంపి తల ఎత్తుకొని ఇంటికి నడిచినారు.

ఇంటికొచ్చినాక వానికి రెండో చీటీ ఇచ్చినా. మూడుసార్లు సదివి, పోయి ఆవుకు తవుడు కలిపినాడు. ఇంక అమ్మడంట. అమ్మాలన్నా, ఆవుల దొంగని పేరొచ్చినాక ఆ సంతకు పోయే మొగం యాడుంది? నాకు మాత్రం కడుపు నిండిపోయింది తల్లీ.

ఇట్లు,
లోపలి కుడి కొమ్ములో ఉండేదానికి అవ్వ,
హులిగెమ్మ

తా.క.: పెయ్యదూడ పుడితే నీ పేరే పెడతా, నందిని. కోడెదూడ పుడితే రామాంజి. అప్పుడు ఎట్ల అమ్ముతాడో సూస్తా.