నాగమణి తుమ్ములు

1987 మార్చి 14, శనివారం

మిరపకాయల తొడిమలు తీసే నాగమణి ఇవాళ మనవడి జ్వరానికి మందు రాయించుకోవడానికి నా దగ్గరికొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ పక్క గదిలో కొత్తగా చేరిన డాక్టర్ సుజాత గొప్పే చెప్పింది.

"తుమ్ములకి మీరిచ్చిన బిళ్లలేసుకుంటే నిద్ర ముంచుకొచ్చేదమ్మా. ఆ చిన్న డాక్టరమ్మ ముక్కులో కొట్టుకునే మందిచ్చింది. మూతికి తడిగుడ్డ కట్టుకోమంది, ఇంటికెళ్లగానే నీళ్లు పోసుకోమంది. ఇప్పుడు హాయిగా ఉంది."

"అసలు కల్లంలోకే పోవద్దని నేను చెప్పానుగా?"

"పోకపోతే కూడెవరు పెడతారమ్మా? ఆవిడ పని మానమన్లేదు."

నవ్వుతూనే అంది. నాకు ఒళ్లు మండింది. అది మామూలు జలుబు కాదు, అలర్జీ అని మొదట తేల్చింది నేను. పడని వస్తువుకు దూరంగా ఉండమని పుస్తకంలో ఉన్నదే చెప్పాను. సుజాత చదివిందీ ఆ పుస్తకాలే. మరి తడిగుడ్డ సంగతి నాకెందుకు తోచలేదో. ఆ మిరప దుమ్ములోనే ఉంటే రేపు ఉబ్బసంలోకి దిగదా అని సాయంత్రం నుంచీ నాలో నేనే వాదించుకుంటున్నాను. అది నాగమణి గురించిన భయమో, సుజాత మీద అసూయో...

నాగమణి ఎదురుగా కూర్చునుండగా, కావాలనే మనవడి మందు చీటీ నెమ్మదిగా రాశాను. ఈలోగా ఆమెకు ఒక్క తుమ్మొస్తే బాగుండుననిపించింది. రాలేదు.